పిడి తుపాకికి కట్టిన దుర్భిణి

మొన్న నరసరావుపేటలో కంటి ఆసుపత్రికి వెళితే, గడ్డం ఒక మిషను మీద ఆనించి ఎదురుగా ఉన్న గొట్టంలోకి చూడమంది డాక్టరమ్మ. నా మనవరాలి వయసుంటుంది. గొట్టం మెల్లగా కంటి మీదికి వస్తుంటే నేను కుర్చీతో సహా వెనక్కి జరిగాను. "ఇదేం చెయ్యదు మామ్మగారూ, ముట్టుకోదు కూడా" అని నవ్వింది. మళ్ళీ ముందుకు జరిపింది, ఈసారి లేచే పోయాను. వెంట వచ్చిన నా కోడలు సిగ్గుపడిపోయి, మా అత్తగారికి భయమెక్కువండీ అని సర్దిచెప్పింది. నాకు భయమెక్కువేం కాదు. ఎనభై దాటిన మనిషికి భయపడే తీరికెక్కడిది? కంటి దగ్గరికి గొట్టం వస్తే నాకు మా మామగారు గుర్తొస్తారు, అంతే.

అప్పటికి నేను కాపరానికొచ్చి మూడేళ్ళు. మాచర్ల అవతల కొండల అంచున మా ఊరు. కుడికాలువ తవ్వుతున్న రోజులు కాబట్టి ఎటు చూసినా రాళ్ళు పేల్చే చప్పుడూ, తెల్లటి దుమ్మూ. అత్తగారు నేను రాకముందే పోయారు. ఇంట్లో మామగారూ, మా ఆయనా, నేనూ. మామగారికి లైసెన్సు తుపాకి ఉండేది. ఎవరో దొర దేశం వదిలి పోతూ ఇచ్చిపోయాడట. కింద ఉన్న పిడిని ముందుకు తోసి వెనక్కి లాగితే కాలిన గుండు తొడుగు పైనుంచి ఎగిరిపడి, కొత్త గుండు లోపలికి వచ్చేది. అందుకని ఊళ్ళో దాన్ని పిడి తుపాకి అనేవాళ్ళు. గాడిదలా తన్నేది. ఒక్కసారి పేలిస్తే ఆయన భుజం నాలుగు రోజులు వంకాయ రంగులో ఉండేది, నేను ఉప్పు కాపడం పెట్టడానికి వేడి మూట గుమ్మం దగ్గర పెట్టి తప్పుకునేదాన్ని. కోడలు మామగారికి ఎదురుపడని కాలం మరి.

మామగారి కుడికంటికి పొర వస్తే ఆపరేషను చేయించారు. అది వికటించి ఉన్న కాస్త చూపూ పోయింది. ఇక మిగిలింది ఎడమ కన్ను, అదీ మసకే. ఆ కంటితోనే, మెడ వంకరగా తిప్పి, దూడల్ని ఎత్తుకుపోతున్న ఒక చిరుతను కొట్టారు. గుండు ముందరి కాలికి తగిలింది. చిరుత చావలేదు, కుంటిదయింది. కుంటి చిరుత దూడల వెంట పరిగెత్తలేదు కదా, మనుషుల మీద పడింది. కాలువ పనికొచ్చిన కూలీల్లో ఇద్దరు పోయారు. మూడో మనిషి మాకు పాలు పోసే పిన్ని. వాగులో కడవ ముంచుతుండగా చిరుత పట్టుకుంది. ఆమె కడవ మాత్రం పగలకుండా దొరికింది. ఆ రోజు నుంచి మామగారు అన్నం ముందు కూర్చుని లేచిపోయేవారు. అడవి ఆఫీసుకు అర్జీలు రాశారు, ఎవరూ రాలేదు. మా ఆయన గురి గురించి చెప్పకపోవటమే మర్యాద. "అది చంపటంలా, నేను చంపుతున్నా" అని మామగారు గోడతో అంటుంటే నేను తలుపు వెనక నుంచి విన్నాను.

మా ఆయన కాలువ కొలతల పనిలో ఉండేవారు. పాడైపోయి పక్కన పడేసిన కొలతల దుర్భిణి ఒకటి అడిగి తెచ్చారు. దాంతో తండ్రికి చూపు తెప్పిస్తానని ఆయన పట్టుదల. తుపాకి మీద బిగిద్దామంటే కాలిన తొడుగు పైకి ఎగిరి దానికే తగులుతుంది. ఎడమ పక్కకు బిగించారు. కుడి భుజానికి తుపాకి, ఎడమ కంటికి గొట్టం. మామగారికి మిగిలిన కన్ను అదే కాబట్టి దేవుడే కొలిచి పెట్టినట్టు సరిపోయిందని మా ఆయన మురిసిపోయారు. తీరా మామగారు అందులోకి చూసి అదిరిపడ్డారు. లోకం తలకిందులుగా ఉంది. కొలతల దుర్భిణులన్నీ అంతేనట. మా ఆయన రోజూ అట్లాగే చూసేవారు గనక చెప్పాలని కూడా తోచలేదు. అలవాటు కోసమని నన్ను బిందెతో బావికీ గుమ్మానికీ మధ్య తిప్పారు. మూడేళ్ళలో నన్ను సరిగ్గా చూడని మామగారు మొదటిసారి చూడటం తలకిందులుగానే చూశారు. "బిందె బోర్లపడ్డా నీళ్ళు కారటంలా, మా కోడలు గట్టిదేరా" అన్నారు. పిన్ని పోయాక ఆయన నవ్వటం అదొక్కటే. నేను కుడికి నడిస్తే ఆయనకు ఎడమకు నడిచినట్టు కనపడేది. వారం రోజులు నా కాళ్ళు పీకాయి గానీ ఆయనకు చూపు కుదిరింది.

కుదరనిది తన్నుడు. ఆ గొట్టంలో కనపడాలంటే కన్ను దానికి ఆనించినంత దగ్గరగా పెట్టాలి. ఒకనాడు మా ఆయన జొన్న సంకటి ముద్ద చేయించుకుని, తుపాకితో పాటు దొడ్డి వెనక్కి పట్టుకుపోయారు. తినే సంకటి మట్టిపాలు చేస్తున్నారని నేను గొణిగాను. కన్ను ఉండాల్సిన చోట ముద్ద పెట్టి, తాడుతో లాగి పేల్చారట. గొట్టం ముద్దలోకి దిగిపోయిందట. ఆ తర్వాత కమ్మరి చేత రెండు ఇత్తడి కడియాలు చేయించి, లోపల తోలు అతికించి, ఆముదం రాసి, గొట్టాన్ని వాటిలో వదులుగా నిలబెట్టారు. పేలినప్పుడు తుపాకి వెనక్కి జారినా గొట్టం ఉన్నచోటే ఉండిపోతుంది. రెండోసారి పెట్టిన ముద్దకు గీత కూడా పడలేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆడవాళ్ళకు తుపాకి సంగతులు చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు, అడిగే అలవాటు నాకూ లేదు.

చిరుత పొద్దువాలే వేళ వాగు దగ్గరికి వస్తోందని కబురొచ్చింది. మా ఆయన తెల్లవారే మనుషుల్ని తీసుకుని రాతిచాటు సిద్ధం చేయటానికి వెళ్ళారు. మామగారు మధ్యాహ్నం బండిలో బయల్దేరాలి. మా ఇంట్లో ఏ పనిముట్టూ తోరం కట్టకుండా గడప దాటదు. నాగలికి కడతాం, బండికి కడతాం, నా కుట్టుమిషనుకీ కట్టాను. అత్తగారు లేరు కాబట్టి ఆ పని నాది. తొమ్మిది పోగుల నూలు పేని, పసుపులో తడిపి, గోడకు ఆనించి ఉన్న తుపాకి దగ్గరికి వెళ్ళాను. చెయ్యి తగలగానే గొట్టం కడియాల్లో కదిలింది. మగవాళ్ళు తొందరలో వదులుగా వదిలేశారనుకున్నాను. పాపం చూపు ఆనని మనిషి, ఇది కదిలితే గురి ఏం కుదురుతుందని నా దిగులు. గొట్టం పక్కన పొడుచుకొచ్చిన మరనూ, తుపాకినీ కలిపి చుట్టాను. మోకాలు ఆనించి బిగించాను. చుట్టిన చుట్టకల్లా పిన్నిని తలుచుకున్నాను. ముడి వేశాక కదిపి చూస్తే కదల్లేదు. నాకు ఎంత తృప్తి కలిగిందో ఇప్పటికీ గుర్తుంది. మామగారు వచ్చి దాన్ని గొంగళిలో చుట్టుకుని బండెక్కారు.

సాయంత్రం ఒక్కటే మోత వినిపించింది. కాసేపటికి డప్పులు. చిరుత చచ్చిందని ఊరంతా వాగు వైపు పరిగెత్తింది. నేను దిష్టి తీయటానికి ఎర్రనీళ్ళు కలిపి గుమ్మంలో నిలబడ్డాను. ముందు వచ్చింది చిరుత కాదు, బండి. మామగారి మొహం మీద కండువా కప్పి ఉంది, కండువా తడిసి ఉంది. బండి ఆగకుండా మాచర్ల వైపు పోయింది, అక్కణ్ణించి గుంటూరు. మా ఆయన మర్నాడు తుపాకి తీసుకుని ఒక్కరే తిరిగొచ్చారు. కన్ను తీసేశారని చెప్పారు. అరుగు మీద కూర్చుని తుపాకిని ఒళ్ళో పెట్టుకుని, ఎండి బిగుసుకుపోయిన ఆ పసుపు దారాన్ని వేలితో తడిమారు. నేనే కట్టానన్నాను. అప్పుడు చెప్పారు, సంకటి ముద్ద సంగతి, కడియాల సంగతి. కొడతారేమో అనుకున్నాను, కొడితే బాగుండేదనిపించింది. "నాన్నకి మాత్రం చెప్పమాక. తట్టుకోలేడు" అని దారం తెంపి పొయ్యిలో వేశారు.

ఆ తర్వాత పదకొండేళ్ళు. కొట్టిన దెబ్బకు ఊరంతా మామగారిని పొగిడేది. కన్ను ఎట్లా పోయిందని అడిగితే, నేనే తొందరపడి కన్ను మరీ ఆనించానని చెప్పేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను దొడ్లోకి వెళ్ళి గొడ్ల మధ్య నిలబడి ఏడ్చేదాన్ని. చెయ్యి పట్టుకుని నడిపించాను, కంచంలో ఏది ఎక్కడుందో చెప్పాను. మనసు పెట్టి చూసుకుంటానని వీధిలో నాకు మంచి పేరు కూడా వచ్చింది. ఆ పేరు నన్ను కాల్చుకు తినేది. మా ఆయన కాలం చేశాక, దాచమన్న మనిషే లేకుండా పోయాక, ఒకరోజు మజ్జిగన్నం కలిపి మామగారి చేతికిస్తూ ఉండబట్టలేక చెప్పేశాను. ఆ రోజు గొట్టాన్ని బిగించి కట్టింది నేనే మామయ్యా, మీ కన్ను తీసింది నేనే అన్నాను.

ఆయన ముద్ద నమిలి మింగారు. "తెలుసమ్మా. రాతిచాటున ఆనించుకున్నప్పుడే నీ తోరం చేతికి తగిలింది. తెంపుదామంటే కత్తి మొల్లో ఉండె. అప్పటికే అది నీళ్ళకాడికొచ్చి నిలబడింది. కదిల్తే పోయేది. పోనిస్తే ఇంకో మనిషిని తినేది" అన్నారు.

మరి ఇన్నేళ్ళూ నాతో ఒక్క మాటైనా అనలేదేమని అడిగాను.

"నువ్వే చెబుతావని చూస్తన్నా" అన్నారు.

ఆ నెల తిరగకుండానే ఆయన పోయారు. పదకొండేళ్ళలో ఏ పూటైనా చెప్పి ఉండొచ్చు, రోజుకు రెండుసార్లు ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఇంకా చానా రోజులున్నాయి కదా అనుకుంటూ గడిపాను. తీరా లెక్క చూసుకుంటే, ఆ ఇంట్లో మేమిద్దరం దాపరికం లేకుండా అన్నం తిన్నది ఇరవై రోజులే.