ఏడో నంబరు జెర్సీ, మా మేనత్త పెనం

నా చిన్నప్పుడు, మావాళ్లు వలస వచ్చిన హామిల్టన్ ఊళ్లో నన్ను మెచ్చుకోని వాళ్లు లేరు. ఆ మెచ్చుకోలు మీద నాకు మాత్రం మొదటి నుంచీ అనుమానమే. పిల్లల రగ్బీ లీగ్ జట్టులో ఆడేవాణ్ణి. జట్టుకు పదమూడు మంది, ఒక్కొక్కరికీ ఒక స్థానం, దానికో నంబరు. నాకు మాత్రం ఏ వారానికి ఆ వారమే. ఎవడికి జలుబు చేస్తే వాడి స్థానం నాది. ఒక వారం అంచున పరుగు, ఇంకో వారం మధ్యలో కుమ్ములాట. "వీడు ఎక్కడైనా ఆడతాడు" అని కోచ్ భుజం తట్టేవాడు. నాకు కావలసింది ఏడో నంబరు. బంతి ఎటు పోవాలో నిర్ణయించేది ఆ ఆటగాడే. ఆ జెర్సీ వేసుకునేవాడు కోచ్ అక్క కొడుకు. ఇక నా అనుమానం ఏమిటో వేరే చెప్పాలా?

మా మేనత్త అప్పట్లో మా ఇంట్లోనే ఉండేది. ఆస్పత్రిలో నర్సు. ఆవిడకూ సొంత వార్డు లేదు, ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడికి పంపేవారు. ఒక శనివారం మ్యాచ్ నుంచి మూతి ముడుచుకుని వచ్చిన నన్ను చూసింది. మర్నాడు పొద్దున పెసరట్లు వేద్దాం రమ్మని వంటింట్లోకి పిలిచింది.

ఉల్లిపాయలు తరగమంది. రెండు తరిగానో లేదో అల్లం దంచమంది. అది నలగకముందే పెనం దగ్గరికి తోసింది. నేను వేసిన మొదటి అట్టు చిరగగానే అట్లకాడ లాక్కుని ప్లేట్లు కడగమంది. నాచేత చాకిరీ చేయించుకోవడానికి ఇదో ఎత్తు అనుకుని గుర్రుగా చూశాను.

"ఇన్ని పనులు చేశావు కదా, ఏది వచ్చిందిరా నీకు?" అంది.

"నథింగ్! యూ కీప్ మూవింగ్ మీ, అత్తా!" అని అరిచాను.

అత్త నవ్వలేదు. అట్లకాడ తిరిగి నా చేతిలో పెట్టింది. "ఇవాళ పెనం నీదే. చిరిగినా మాడినా నువ్వే వెయ్యి, నేను ముట్టుకోను." రెండు మాడాయి, ఒకటి ముక్కలైంది. అయిదోది గుండ్రంగా వచ్చింది. పాడైనవన్నీ ఆవిడే తిన్నది.

తింటూ చెప్పింది. "నన్నూ అందరూ మెచ్చుకుంటార్రా. కానీ ప్రతి షిఫ్టూ నాకు మొదటి రోజే. తప్పు చేస్తానేమోనన్న భయంతోనే సరిపోతుంది. రేపు వెళ్లి పిల్లల వార్డు కావాలని అడుగుతున్నా. నువ్వూ నోరు తెరిచి అడుగు."

అడిగాను. కోచ్ ఆశ్చర్యపోయాడు. ఎక్కడికి పొమ్మన్నా తలూపి పోవడమే మర్యాద అని మా ఇంట్లో నేర్పారు, అందుకే ఏనాడూ నాకిది కావాలని అనలేదు. వరసగా నాలుగు మ్యాచ్‌లు ఏడో నంబరు ఇచ్చాడు. మొదటిదాంట్లో బంతి మూడుసార్లు జారవిడిచాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మరుసటి శనివారం ఆ జెర్సీ నాకోసమే ఉంది. దాన్ని పట్టుకుని ఏడ్చేశాను. అత్తకు పిల్లల వార్డు దొరకడానికి మాత్రం ఏడాది పట్టింది.

ఇప్పుడు మా మనవరాలు ఇదే ఊళ్లో ఇదే ఆట ఆడుతోంది. ఆ మధ్య దాని కోచ్ నా దగ్గరికొచ్చి, ఈ పిల్లను ఎక్కడ పెట్టినా ఆడుతుందని మెచ్చుకున్నాడు. నాకు పొంగిపోవాలనిపించలేదు. బంతి జారవిడిచిన మరుసటి వారం దాన్ని ఏ స్థానంలో ఉంచుతారు అని అడిగాను. చూద్దాం లెండి అని నవ్వేసి వెళ్లాడు. ప్రతి శనివారం వెళ్లి మళ్లీ అడుగుతున్నాను.