ఐదో గీత

మా తైవాన్ రేవులో ఓట్లు గోడమీది కాగితంపైనే లెక్కిస్తాం: ఓటుకో గీత, ఐదు గీతలు పడితే ఒక చైనీస్ అక్షరం పూర్తవుతుంది. రాసేది షూఫెన్ టీచరు. ఇది పవిత్రమైన పని అని ఉపన్యాసాలిచ్చేవాళ్లెవరూ లెక్కింపు రోజున ఆమె పక్కన నిలబడరు. ఈసారి ఆమె వెనక, మళ్లీ పోటీకి దిగిన వార్డు పెద్ద హుంగ్ మనుషులు నిలబడ్డారు. అతను తలూపకుండా రేవులో పడవ కదలదు.

చివరి ఓటు చదివారు. అది హుంగ్ వరసలోని ఆఖరి అక్షరంలో నాలుగో గీత. ఒక్క ఓటుతో ఓడిపోయాడు. కానీ ఏళ్ల తరబడి పిల్లలచేత ఆ అక్షరం దిద్దించిన చెయ్యి మధ్యలో ఆగలేదు, అడుగు గీత కూడా లాగేసింది. హుంగ్, అతని ప్రత్యర్థి సమానమయ్యారు. హుంగ్ మనుషులు చప్పట్లు కొట్టారు.

"ఉండండి, అది ఓటు కాదు. నా చేతి అలవాటు," అంది షూఫెన్.

"రాసిందేదో రాశావు, వదిలెయ్ అక్కా! అక్షరం నిండుగా ఉంది కూడానూ," అన్నాడొకడు.

ఆమె ఎర్రసిరాతో ఆ గీత కొట్టేసి పక్కన సంతకం పెట్టింది. చప్పట్లు ఆగిపోయాయి.

హుంగ్ లేచి వచ్చి కాగితాన్ని దగ్గరగా చూశాడు.

"ఎంత చక్కటి దస్తూరీ, టీచరమ్మా! అన్నట్టు, మీ ఆయన రేపు కూడా పడవలో ఒంటరిగానే చేపల వేటకెళ్తున్నాడా?"