పొరుగువాళ్ళతో మాట్లాడకూడదు

సుధాకరరావు లండన్ చూడలేదు. అయినా లండన్ ఇళ్ళ వెనకవైపు గోడలు ఆయనకు కంఠతా వచ్చు. ఏ వీధిలో ఏ వంటింటి కిటికీ ఎప్పుడు పెట్టారో, ఏది ఎప్పుడు ఇటుకలతో మూసేశారో, దోహాలో వెస్ట్ బే భవనం పద్దెనిమిదో అంతస్తులో కూర్చుని చెప్పేవాడు. పాత ఫొటోలు ముందేసుకుని, భూతద్దం పట్టుకుని పదకొండేళ్ళుగా ఆయన చేస్తున్న పని అదే. అంతకుముందు ఖతర్‌లోనే మెసయీద్ అనే ఊళ్ళో ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా పైపుల బొమ్మలు గీసేవాడు. తెనాలి మనిషి, గీత తిన్నగా ఉండాలన్న పట్టుదల ఉన్నవాడు.

ఆ పనేమిటో చెప్పకపోతే ఈయనగారి కడుపుమంట అర్థం కాదు. ఇంగ్లండులో ఒక పాత చట్టం ఉంది. ఒక ఇంటి కిటికీలోంచి ఇరవై ఏళ్ళపాటు అడ్డులేకుండా వెలుతురు వస్తే, ఆ వెలుతురు ఆ ఇంటివాళ్ళ హక్కైపోతుంది. పక్క స్థలంలో ఎవరైనా ఎత్తుగా కట్టి దాన్ని మూసేయబోతే వాళ్ళు కోర్టుకెళ్ళి పని ఆపించవచ్చు. దోహాలో డబ్బున్న కుటుంబాలు లండన్‌లో స్థలాలు కొని భవనాలు లేపుతాయి కదా, అలాంటి దావా పడితే నష్టం భరించేలా ముందే బీమా తీసుకుంటాయి. ఆ బీమాలు కుదిర్చిపెట్టేది సుధాకరరావు ఆఫీసు. కొత్త భవనం లేచాక, పక్కింటి గదిలో బల్ల ఎత్తు నుంచి చూస్తే ఆకాశం ఎంతమేర కనిపిస్తుందో గీత గీసి చూపించేది ఆయన. బయటి ఎండకి తాళలేక అద్దాలకి నల్ల కాగితం అంటించి, తెరలు దించి, పట్టపగలు లైట్లేసుకున్న గదిలో కూర్చుని పరాయి ఊరి వెలుతురు కొలిచేవాడు.

ఆ బీమాకి ఒక గట్టి షరతుంది. పక్కింటివాళ్ళతో మాట్లాడకూడదు. మీ వెలుతురు పోతుందనిగానీ, మేం బీమా తీసుకున్నామనిగానీ ఒక్క ముక్క పొక్కితే బీమా చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే సుధాకరరావు ఈ పాఠం చెప్పేవాడు. కిటికీల సంగతి తరవాత నేర్చుకోవచ్చు, ముందు నోరు కట్టుకోవడం నేర్చుకోండి అనేవాడు. మూడేళ్ళ క్రితం ధాత్రికీ అలాగే చెప్పాడు.

ధాత్రి కరీంనగర్ పిల్ల. హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివి వచ్చింది. ‘సార్, సార్’ అంటూ ఆయన వెనకే తిరిగి, ఫొటోలో నీడని చూసి అది ఏ నెలలో తీసిందో చెప్పడం నేర్చుకుంది. మొదటి ఆరు నెలలూ సుధాకరరావు ఆమెని నా శిష్యురాలని నలుగురికీ చూపించి మురిసిపోయాడు. తరవాత ఏకు మేకైంది. ఆయన రెండు రోజులు గీసే బొమ్మని ఆ పిల్ల కంప్యూటర్లో అరగంటలో తేల్చేసేది. పార్టీలు ఫోన్ చేసి ధాత్రి ఉందా అని అడగడం మొదలుపెట్టారు. ఆఫీసు నడిపే హారిస్ మలయాళీ, ముప్పై ఏళ్ళుగా ఖతర్‌లో ఉన్నవాడు, మామూలుగా నవ్వని మనిషి. ఆయన కూడా ఆ అమ్మాయి మాటలకి నవ్వేవాడు.

ఇంతవరకు ఓర్చుకునేవాడేమో. వెలుతురు విభాగం పెద్దగా ఉన్న ఇంగ్లీషాయన ఆ నెలాఖరుకి ఇంటికి వెళ్ళిపోతున్నానన్నాడు. ఆ కుర్చీ ఈ ఇద్దరిలో ఒకరిదే, మూడో మనిషి లేడు. ఆ కబురు తెలిసిన రోజు నుంచి సుధాకరరావు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. యాభై రెండేళ్ళు వచ్చాయి, మళ్ళీ ఇలాంటి కుర్చీ ఖాళీ అయ్యేనాటికి తను ఖతర్‌లో ఉంటాడన్న నమ్మకం లేదు. ధాత్రి రాసిన రిపోర్టులు చదవడం మానేశాడు. ఆమె తెచ్చిన చిక్కటి కరక్ టీ అలాగే చల్లారిపోనిచ్చాడు. ఇంట్లో అన్నం దగ్గర కూర్చున్నా ఆమె ఊసే. భార్య ఇందిరాదేవి నాలుగు రోజులు విని, ఆ పిల్ల పేరు నంజుకోకపోతే మీకు ముద్ద దిగడం లేదని దెప్పింది.

అసలు పోటు ఆ తరవాత పడింది. ఒక ఖతరీ కుటుంబం లండన్‌లో ఏడంతస్తులు కడుతోంది. స్థలం చూసి రావడానికి హారిస్ ధాత్రిని పంపించాడు. సుధాకరరావు కళ్ళు ఇక్కడ కావాలి, ఆయన లేకపోతే మిగతా ఫైళ్ళు ఆగిపోతాయని చెప్పాడు. అది గౌరవమే అనుకోవచ్చు, సుధాకరరావు అనుకోలేదు. పదకొండేళ్ళు తను కళ్ళు పొడుచుకుని చూసిన గోడల్ని నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చేత్తో తాకి చూస్తోంది. అక్కణ్ణుంచి ఆమె ఫొటోలు పంపిస్తే తెరిచి చూశాడు, ఎర్ర ఇటుకల మీద ఎండ చూశాడు, ఫోన్ బోర్లా పెట్టేశాడు. ఆ పూట ఆయనకి ఆ పిల్ల మీద నిజంగా ద్వేషమే కలిగింది.

ధాత్రి తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం, అందరూ భోజనాలకి లేచాక, ఆయన బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. మొహం పీక్కుపోయి ఉంది.

“సార్, నేనొక తప్పు చేసిన. వెనకింటి పెద్దామె గేటు కాడ చూసి లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది. వంటింట్ల మొక్కలు చూపించుకుంట మస్తు సంబురపడ్డది. ముందట ఏడంతస్తులు లేస్తయి, మొక్కలు ఇంకో దిక్కు పెట్టుకోండ్రి అన్న. ఒకరింట్ల చాయ్ తాగి, వాళ్ళకు తెలియాల్సిన ముచ్చట చెప్పకుండ ఎట్ల లేచొస్తం సార్?”

బీమా మాట ఎత్తావా అని అడిగాడు. ఎత్తలేదంది. సుధాకరరావు గుండె గబగబా కొట్టుకుంది. భయంతో కాదు, పండగొచ్చినట్టు. ఇప్పుడేం చెయ్యమంటారని ఆ అమ్మాయి అడిగితే, ఆయన గొంతు తగ్గించి, పెద్దమనిషి తరహాగా అన్నాడు.

“ఈ మాట నీకూ నాకూ మధ్యనే ఉండనీ అమ్మాయ్. హారిస్ గారి దాకా తీసుకెళ్ళకు. నేను చూసుకుంటాను.”

చూసుకోవడమంటే ఏమిటో ఆయనకి తెలుసు. తప్పు ఈరోజే బయటపడితే మందలింపుతో పోతుంది. దాచిపెట్టి, సమయానికి బయటపడితే ఆమె ఇక పైకి లేవదు. ఆ సాయంత్రం ఇంట్లో పప్పు రెండోసారి వడ్డించుకుని తిన్నాడు. సంగతి విన్న ఇందిరాదేవి, ఆ పిల్ల మిమ్మల్ని పెద్దదిక్కనుకుని చెప్పుకుందండీ అంది. నేనేమైనా చేశానా, నోరు మూసుకునే ఉన్నాగా అన్నాడు ఆయన. తొమ్మిది రోజులు అలాగే మూసుకున్నాడు.

పదోనాడు ఆ ఖతరీ కుటుంబం తరఫున వ్యవహారాలు చూసే జహాంగీర్ వచ్చాడు. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఫైలు తాలూకు కాగితాల కట్ట తలా ఒకటి పెట్టారు. ధాత్రి రాసినవని సుధాకరరావు తన కట్టకి క్లిప్పు కూడా తియ్యలేదు. ఆ అమ్మాయి బొమ్మలు చూపిస్తూ చెప్పుకుపోతోంది. బాగా చెబుతోంది, అదే ఆయన భరించలేకపోయాడు. తను నేర్పిన మాటలే, తను నేర్పిన వరసలోనే చెబుతోంది. జహాంగీర్ ఆమె వైపే తిరిగి కూర్చుని ప్రశ్నలన్నీ ఆమెనే అడిగాడు. సుధాకరరావుతో ఆ గంటలో ఒకే ఒక్క మాట మాట్లాడాడు. మీ మోచేతి దగ్గరున్న మంచినీళ్ళ సీసా ఇలా అందిస్తారా అన్నాడు.

సీసా అందించాడు. అందిస్తూనే, నవ్వుమొహంతో, అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషులో అనేశాడు.

“ధాత్రీ, ఆ వెనకింటి పెద్దావిడ ఇచ్చిన టీ ఎలా ఉందో జహాంగీర్ గారికి చెప్పనేలేదే.”

ఏ పెద్దావిడ అని జహాంగీర్ తలెత్తాడు. మీరు పక్కింట్లోకి వెళ్ళారా అని నిటారుగా కూర్చుని అడిగాడు. ధాత్రి మొహం పాలిపోయింది. సుధాకరరావు ఎదురుచూసిన క్షణం అదే, తొమ్మిది రోజులుగా నంజుకున్న రుచి అదే.

హారిస్ మాత్రం గొంతు పెంచలేదు. వెళ్ళింది నిజమే, పదకొండో పేజీ చూడండి అన్నాడు. ఏం మాట్లాడిందో అక్షరం పొల్లుపోకుండా బీమా కంపెనీకి రాసి పంపాం, భవనం ఎత్తు గురించిన నోటీసు ముందే ఆ వీధి స్తంభానికి కట్టి ఉంది కాబట్టి అభ్యంతరం లేదని వాళ్ళు రాతమూలకంగా ఒప్పుకున్నారు అన్నాడు. జహాంగీర్ పేజీ తిప్పి, చదివి, తల ఊపాడు. సుధాకరరావు తన కట్ట క్లిప్పు తీశాడు. పదకొండో పేజీ ఉంది. రాసి పంపిన తేదీ ధాత్రి వచ్చిన మర్నాటిది.

జహాంగీర్ వెళ్ళాక హారిస్ ఆయన్ని తన గదిలోకి పిలిచి తలుపు వెయ్యమన్నాడు. కూర్చోమనలేదు.

“ఆ అమ్మాయి మర్నాడు పొద్దున్నే వచ్చి అంతా చెప్పింది. ఇంకెవరికైనా తెలుసా అని అడిగితే ఎవరికీ తెలియదంది. మీకు ముందే తెలుసనీ, ఆమెని దాచమన్నది మీరనీ నాకు ఇవాళ అర్థమైంది.”

హారిస్ సొరుగు లాగి ఒక కాగితం తీసి, చేతికివ్వకుండానే, ఆయన చదువుకునేలా తిప్పి బల్ల మీద పెట్టాడు. విభాగం పెద్దగా నియామకం. ఇంటిపేరుతో సహా ఆయన పేరు. కింద హారిస్ సంతకం, నిన్నటి తేదీ.

“వేగం ఆ అమ్మాయిది, చూపు మీది. చూపున్నవాడే పెద్దగా ఉండాలనుకున్నాను. ఆమెని అడిగితే తనూ అదే మాట అంది.”

హారిస్ ఆ కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని, పట్టుకుని, ఆయన వైపే చూస్తూ ఊరుకున్నాడు. తప్పైపోయిందని ఒక్క మాట అనడానికి ఎంత సమయం కావాలో అంత సమయమూ ఇచ్చాడు. సుధాకరరావుకి ఆ మాట గొంతు దాకా వచ్చింది. పదకొండేళ్ళ చాకిరీ గుర్తొచ్చింది, ఇందిరాదేవి అన్న మాట గుర్తొచ్చింది. కానీ తెరుచుకున్న నోట్లోంచి వచ్చింది వేరు.

“అయితే ఇప్పుడా కుర్చీ ధాత్రికేనా?” అన్నాడు.

ఆ ప్రశ్న వినేదాకా హారిస్ కాగితాన్ని చించలేదు.