అనసూయ ఆంటీ చూపించని ఉత్తరాలు

సింగపూర్‌లో, జురాంగ్ ఈస్ట్‌లోని మా ఫ్లాట్‌కి ఎదురింటి ఇనుప గేటును ఎవరైనా పట్టుకుని ఊపితే, ఆ చప్పుడుకి ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి. సరుకులు తెచ్చినవాళ్లో, తాళంచెవి మరిచిపోయిన ఎదురింటావిడో అయి ఉంటారని తెలుసు. అయినా వంటింట్లో చేస్తున్న పని ఆపి, ఊపిరి బిగబట్టి వింటాను. ఆ కాసేపూ నేను సెరంగూన్‌లో, పట్టపగలు తెరలు దించిన ఒక హాల్లో, డెబ్బై దాటిన ఒక మనిషి పక్కన కూర్చుని ఉంటాను. ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంటుంది. వణుకుతున్నది ఎవరి చెయ్యో తెలియదు.

ఆవిడ పేరు అనసూయ. ఆవిడ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లో పనికి వచ్చారట. మనవరాలు చరిత్ర చదివింది. జర్మనీ వెళ్లి, బాన్ నగరంలో ఉండి ఆ భాష నేర్చుకుంది. జర్మనీకీ అమెరికాకీ మధ్య సంబంధాల మీద పరిశోధన చేసి, సింగపూర్ తిరిగి వచ్చి పాఠాలు చెప్పింది. రిటైరయ్యాక కూడా ఒక పరిశోధన సంస్థ ఆవిడకి గౌరవంగా ఒక గది ఇచ్చింది. చూపు మందగించడంతో సహాయకురాలిగా నన్ను పెట్టింది. ఈ దేశంలో ఉండి పనిచెయ్యడానికి కావాల్సిన నా వర్క్ పాస్ ఆ సంస్థ పేరు మీదే ఉండేది. మొదటిరోజు వాళ్లింటికి వెళ్లగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "మకాన్ అయిందా అమ్మాయ్?" అని. భోజనాన్ని మలయ్‌లో అడిగే ఆ తెలుగు నాకు, కాకినాడ నుంచి కొత్తగా వచ్చినదానికి, వింతగా తోచింది. మూడు తరాల కిందటి మా ఊళ్ల తెలుగు, మధ్యమధ్య తమిళం, మలయ్. కొన్నాళ్లకి ఆ మాటే నాకు ఇల్లయిపోయింది.

బాన్‌లో ఆవిడతో చదువుకున్న ఒకతను తర్వాత ఆ దేశంలో మంత్రి అయ్యాడు. మేమిద్దరం ఆయన్ని 'మంత్రిగారు' అనే అనుకునేవాళ్లం. పదవి దిగిపోయినా పార్టీలో ఆయన మాటకి విలువుండేది. ఆయనా ఆంటీ దశాబ్దాలుగా కాగితం మీదే ఉత్తరాలు రాసుకున్నారు. ఆయన జర్మన్‌లో రాసింది ఆంటీ భూతద్దం పెట్టి చదివి, నాకు తెలుగులో చెప్పేది. జవాబు ఆవిడ ఇంగ్లీషులో చెప్తుంటే నేను టైపు చేసేదాన్ని. ఎప్పుడూ ఒకటే వాదన. జర్మన్ నేల మీద అమెరికా సైన్యం ఉండడం రక్షణా, కాపలానా? "గొడుగు వాళ్ల చేతిలో ఉంది, తడిసేది మీరు. వాళ్లు మూసేస్తే ఏం చేస్తారు?" అని ఆంటీ పదేపదే అడిగేది. ఆయన పదేపదే నవ్వేసేవాడు.

ఒక ఉత్తరంలో నవ్వలేదు. ఆంటీ సగం చదివి భూతద్దం పక్కన పెట్టింది.

"ఏమయింది ఆంటీ?"

"వాళ్లు రారు అంటున్నాడు. రేపు మా మీద ఏదన్నా వచ్చి పడితే అమెరికా రాదు, ఈ మాట నా భార్యకి కూడా చెప్పలేదు అని రాశాడు." కాసేపు కిటికీలోంచి చూసింది. కింద స్కూలు బస్సు దిగిన పిల్లలు అరుచుకుంటూ వెళ్తున్నారు. "తాకుత్ అమ్మాయ్. మలయ్‌లో భయాన్ని అలా అంటాం. అంత పెద్ద దేశాన్ని నడిపినవాడికే అలా ఉంటే, ఈ చిటికెడు దీవి సంగతేమిటి?"

ఆ రోజు మొదలుకుని ఇద్దరం వార్తలు వినడానికే జంకేవాళ్లం.

తర్వాత సంస్థలో ఆవిడ ఉపన్యాసం జరిగింది. చివర్లో సభలో ఒకరు లేచి, "అమెరికా మాట మీద జర్మన్ నాయకులకి నిజంగా నమ్మకం పోయిందంటారా?" అని అడిగారు. ఆంటీ, "పోయింది. అక్కడ పాలించినవాళ్లలో ఒకరు నాతోనే అన్నారు" అంది. పేరు చెప్పలేదు. కానీ ఆ స్నేహం గురించి తెలిసిన విలేకరి ఒకాయన అక్కడే ఉన్నాడు. ఆయన అది పేపర్లో రాసేశాడు. నాలుగు రోజుల్లో జర్మనీలో విలేకరులు మంత్రిగారిని అడిగారు. ఆయన తానెప్పుడూ అలా అనలేదన్నాడు. ఆవిడ పాత స్నేహితురాలనీ, పెద్ద వయసనీ, ఏదో ఊహించుకుని ఉంటారనీ అన్నాడు.

ఆ వార్త చదివి వినిపించింది నేనే. ఆవిడ గ్లాసుడు మంచినీళ్లు తాగి, ఇంకోసారి చదవమంది.

ఇక మెయిళ్లు మొదలయ్యాయి. అబద్ధాలకోరువనీ, ఎవరి డబ్బు తిని ఇలా అన్నావనీ, నీ ఇల్లెక్కడో తెలుసుననీ. ఫోను మోగేది, ఎత్తితే అవతల ఊపిరి మాత్రం వినిపించేది. సంస్థ డైరెక్టర్ మా ఇద్దరినీ పిలిపించాడు. "ఆయన అన్నట్టు ఆధారం చూపించండి. లేదా పొరబడ్డానని రాసివ్వండి" అని ఆవిడతో అని, నా వైపు తిరిగి, "మీ పాస్ రెన్యువల్ దగ్గరపడింది కదా" అన్నాడు, చాలా మర్యాదగా. రైల్లో ఇంటికి వస్తుంటే దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

మా ఆయన మురళి నిదానస్థుడు. ఆయనే అన్నాడు, "ఉత్తరాలు ఏ అల్మరాలో ఉన్నాయో నీకు తెలుసు. ఒక్కదాన్ని ఫొటో తీస్తే ఆవిడా బతుకుతుంది, మనమూ బతుకుతాం." నేను వద్దన్నాను. కానీ అది ఎంత తేలికైన పనో తలుచుకుంటే, ఎప్పుడో నేనే ఆ ఫొటో తీసేస్తానేమోనని ఇంకో భయం పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆంటీ ఇంటి గేటును ఎవరో ఊపారు. లోపలి చెక్క తలుపు మూసే ఉంది. "మేడం, ఉన్నారని తెలుసు. ఉత్తరాలు చూపిస్తే చాలు" అని ఇంగ్లీషులో మగగొంతు. విలేకరో, ఇంకెవరో తెలియదు. గేటు మళ్లీ మళ్లీ మోగింది. మేం తెరలు దించి సోఫాలో బిగుసుకుపోయాం.

"చూపించేయండి ఆంటీ," అన్నాను గుసగుసగా. "ఆయన మిమ్మల్ని పిచ్చిదాన్ని చేశాడు. మీరన్నది నిజమని లోకానికి తెలుస్తుంది."

"అతను భయపడి ఆ మాట రాశాడు. నన్ను నమ్మి రాశాడు. సగం నేను సభలో జారవిడిచాను, అది నా తప్పు. నా పరువు కోసం మిగతా సగం కూడా బజార్న పెట్టనా?"

"మీకు భయం వెయ్యడం లేదా?"

"చెయ్యి పట్టుకున్నావుగా. నీకు తెలియడం లేదూ?"

అలా అని నా చెయ్యి వదిలించుకుని లేచింది. గోడ పట్టుకుంటూ వెళ్లి చెక్క తలుపు తెరిచింది. గేటు తాళం తియ్యలేదు. అవతల పొడుగాటి మనిషి ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"సభలో ఆ మాట అన్నది నేనే. అనకుండా ఉండాల్సింది. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు," అంది.

"అయితే మిమ్మల్ని అబద్ధాలకోరు అంటారు."

"అననివ్వండి."

తలుపు మూసి, అక్కడే నేల మీద కూలబడింది. నేను లేపి కూర్చోబెట్టేసరికి ఆవిడ జాకెట్టు చెమటకి తడిసి ముద్దయి ఉంది.

ఆవిడ గది పోయింది. ఉపన్యాసాలకి పిలుపులు ఆగిపోయాయి. పొరబడ్డానని మాత్రం రాసివ్వలేదు. నా పాస్ పొడిగించలేదు. మురళి పాస్ మీద భార్యగా ఇక్కడే ఉండిపోయి, చాలాకాలం తర్వాత ఇంకో కంపెనీలో చేరాను. అయినా వారానికోసారి వెళ్లి ఆవిడకి చదివి పెట్టేదాన్ని. ఒక వర్షాకాలంలో మంత్రిగారి నుంచి ఉత్తరం వచ్చింది. అర పేజీ. తాను పిరికివాడినయ్యానని రాశాడు, నువ్వు భయమెరగవని మెచ్చుకున్నాడు. ఆంటీ భూతద్దంతో చదివి నాకు చెప్పి, చిరాకుపడింది. "ఇన్నేళ్ల స్నేహం, నా గురించి ఏమీ తెలియదు వీడికి," అంది. జవాబు చెప్తుంటే టైపు చేశాను. జరిగినదాని గురించి ఒక్క మాటే: నాకూ భయం వేసింది అని. మిగతా అంతా అమెరికా సైనికులు ఖాళీ చేస్తే ఆ ఊళ్లలో అంగళ్లవాళ్లు ఎలా బతుకుతారన్న ప్రశ్న. వాదన మళ్లీ మొదలైంది. ఆయన పోయేదాకా సాగింది. ఆ తర్వాత ఆంటీ కూడా పోయింది. ఆవిడ చెప్పినట్టే ఉత్తరాలన్నీ ఆయన కూతురికి పంపించాను. ఆ అమ్మాయి వాటిని ఏం చేసిందో నాకు తెలియదు.

నేను ఇప్పటికీ భయస్తురాలినే. పోయిన నెల మా ఆఫీసులో ఒక పెద్ద పొరపాటు జరిగితే, నాతో పనిచేసే హెంగ్ అందరి ముందూ అది నాదేనన్నాడు. కాదని రుజువు చేసే మెయిల్ నా కంప్యూటర్‌లోనే ఉంది. దాన్ని తెరిచాను, పంపడానికి వేలు కూడా పెట్టాను. తర్వాత లేచి అతని బల్ల దగ్గరికి వెళ్లి, "దేనికి భయపడుతున్నావు?" అని అడిగాను. అతను కూర్చోమన్నట్టు పక్కనున్న కుర్చీ నా వైపు జరిపాడు.