రూతమ్మ ఇంటి వెనక గోడ

తాడును చూసి పామనుకునే వాళ్లుంటారు. ఎడపల్లి రూతమ్మకు తాడు తాడుగా కనబడినా భయమే. ఆమె అన్న ఏసుదానం నీళ్ల ట్యాంకుకు రంగు వేస్తూ, పైన కట్టిన తాడు ఊడిపోయి పడి చనిపోయాడు. ఆమె మొగుడు జీవరాజుదీ అదే పని. చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టమైనా, చర్చి గోపురమైనా, నడుముకు తాడు చుట్టుకుని వేలాడుతూ రంగు పూస్తాడు. సాయంత్రం ఆయన సైకిలు గంట వినబడేదాకా రూతమ్మ ఒళ్లోని బీడీల చాటలో పని సాగేది కాదు. తునికాకు చేతిలోనే ఎండిపోయేది.

"దేవునికన్న నీ భయానికే ఎక్కువ మొక్కుతవే," అని జీవరాజు ఎగతాళి చేసేవాడు. నవ్వేవాడికేం, ఎన్నయినా నవ్వుతాడు. కాచుకుని కూర్చునే వాళ్లకు కదా తెలిసేది!

అలాంటి తల్లికి పుట్టిన ఎస్తేరు, బోధన్ కాలేజీలో ఎన్‌సీసీలో చేరి, కొండరాళ్లు ఎక్కే క్యాంపుకు ఎంపికైంది. తొంభైల మొదట్లో మాట ఇది. ఇంకా నెల గడువుంది. రూతమ్మ అన్నం ముట్టలేదు.

"వద్దంటే వద్దు. తాడు మా అన్నను మింగింది సాలదా?"

"ఇంటికాడనే నేర్పిస్త," అన్నాడు జీవరాజు. "నీ కండ్ల ముందట్నే ఎక్కుతది. నీకు మంచిగ అనిపిస్తేనే పంపుదాం."

ఇంటి వెనక గోడ జీవరాజు తండ్రి కట్టింది. రెండు నిలువుల ఎత్తు, బయటికి పొడుచుకొచ్చిన బండరాళ్లు. ఎక్కడానికి బాగుంటుంది కానీ తాడు వేయడానికి ఆధారం కావాలి. జీవరాజు కమ్మరి దగ్గర పొడుగు కాడలున్న ఇనుప కడియాలు చేయించాడు. గోడకు రంధ్రాలు తొలిచి, కాడలను లోపలికి దిగగొట్టి, చుట్టూ సిమెంటు కూరాడు. ఆ సిమెంటులో డబ్బాడు మడ్డి పోశాడు. చక్కెర తీశాక ఫ్యాక్టరీలో మిగిలే నల్లటి పాకం అది, ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా దొరుకుతుంది.

"మా బాపు సున్నంల బెల్లం నీళ్లు పోసే గీ గోడ కట్టిండు. ఇప్పటిదాంక ఒక్క రాయి కదల్లే," అన్నాడు. కూతురి ప్రాణం కదా అని ఇంకో డబ్బా పోశాడు. పైన మాత్రం అందంగా ఉండాలని వట్టి సిమెంటు పూశాడు.

వారం గడిచింది. పైపూత రాయిలా గట్టిపడింది. జీవరాజు నిచ్చెన వేసి అన్ని కడియాలనూ చేత్తో గుంజి చూసి తల ఊపాడు. ఇటు రూతమ్మ బండెడు ఎండు చెరకాకు తెచ్చి గోడ కింద పరిచింది. పక్కింటి గంగమణి చూసి, "ఏందక్కా, బర్రె ఈనుతాందా?" అని నవ్వింది. రూతమ్మ ఇంకో మోపు పరిచింది.

ఎస్తేరు తాడు నడుముకు కట్టుకుని గోడ మీద చేయి వేసింది. రూతమ్మ కళ్లెత్తి పై కడియం వైపు చూస్తే, దాని చుట్టూ సన్నటి పగులు. అందులోకి చీమలు బారు కట్టి పోతున్నాయి.

"ఆగు బిడ్డా! గోడలకు చీమలెందుకు పోతున్నయ్?"

"మడ్డి తీపికి పోతున్నయ్," అన్నాడు జీవరాజు విసుగ్గా. "చీమలు పీకితే ఊడుతదా ఇనుము? జరుగు బిడ్డా, ముందుగాల నేనెక్కి మీ అవ్వకు సూపిస్త."

నడుముకు తాడు చుట్టుకుని గోడ ఎక్కి, దాని కొసను పై కడియానికి కట్టాడు. అంత ఎత్తున కాళ్లు గోడకు తన్నిపెట్టి, ఒళ్లంతా తాడు మీద వేసి వెనక్కి వాలాడు.

"సూసినవా? ఏడ కదిలిం..."

కడియం కాడతో సహా ఊడొచ్చింది.

అన్న పడిన నాటి చప్పుడు కోసం రూతమ్మ చెవులు ఎదురుచూశాయి. ఆ చప్పుడు రాలేదు. చెరకాకు గరగరమంది, అంతే. జీవరాజు చేయి విరిగింది, ప్రాణం దక్కింది. ఎస్తేరు నిచ్చెనెక్కి రంధ్రంలో వేలు పెట్టి చూస్తే లోపలి సిమెంటు ఇంకా బురదలాగే ఉంది.

కబురందుకుని వచ్చిన మేస్త్రీ ముత్తన్న తల పట్టుకున్నాడు. "సున్నం వేరు, సిమెంటు వేరు జీవరాజన్నా. తీపి తగిలితే సిమెంటు గట్టివడది."

"ఇగ క్యాంపు మాటెత్తితే నా మీద ఒట్టే," అంది రూతమ్మ. ఈసారి జీవరాజు కూడా నవ్వలేదు.

ఎస్తేరు మాత్రం ముత్తన్నను వదల్లేదు. ఆయన పైనా కిందా గోడకు అటునుంచి ఇటుకు రంధ్రాలు తొలిచి, కడియాలున్న బోల్టులు దూర్చి, అటువైపు ఇనుప పలకలు పెట్టి బిగించాడు. బిడ్డ ఆగదని తెలిసి, రూతమ్మ పై కడియానికి రెండు ఇసుక బస్తాలు వేలాడదీయించింది. రోజంతా వాటి కింద కూర్చుని చీమల కోసం చూసింది.

మర్నాడు ఎస్తేరు మళ్లీ తాడు కట్టుకుంది. "కింద తాడు పట్టేటోళ్లు కావాలె," అంది. ముత్తన్న ముందుకొస్తే వద్దంది. "అవ్వ పట్టాలె."

"నా చేతులు వణుకుతయ్ బిడ్డా."

"వణకనీ. బాపుకు భయం లేకనే చీమలను లెక్కచెయ్యలే. నువ్వు పడితేనే ఎక్కుత."

ముత్తన్న రూతమ్మ నడుమును కింది బోల్టుకు కట్టి, పై కడియంలోంచి కిందికి వచ్చిన తాడును వీపు చుట్టూ తిప్పి చేతికిచ్చాడు. ఎస్తేరు ఎక్కింది. పైదాకా పోయాక కాలు జారింది. తాడు రూతమ్మ నడుమును కోసింది. కడియం కదల్లేదు. రూతమ్మ కళ్లు తెరిచేసరికి బిడ్డ గాలిలో వేలాడుతూ నవ్వుతోంది.

"ఇగ దింపు అవ్వా."

రూతమ్మ వేళ్లు విచ్చుకోలేదు. దింపాలంటే తాడు వదలాలి కదా! ఎంత చెప్పినా ఆ పిడికిళ్లు బిగుసుకునే ఉన్నాయి. జీవరాజు కట్టుకట్టిన చేతితో వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన నోట ఎగతాళి రాలేదు.

"విడువే. కొంచెం కొంచెమే విడువు. నేనున్న."

"క్యాంపుల గిట్ల పట్టుకునేటోళ్లు ఉంటరా?" అని అడిగింది రూతమ్మ, పైకి చూస్తూనే.

"ఉంటరవ్వా. నేను సూసుకొనే ఎక్కుత. చీమలను సుత సూస్త."

రూతమ్మ ఏడుస్తూనే జానెడు తాడు వదిలింది. తర్వాత ఇంకో జానెడు.