దేవమ్మ తలమీది బండ

సహోదరులారా, సహోదరీలారా, ముందు పోయినవి చెబుతాను. పాడిగేదె ఒకటి. మేకలు నాలుగు. నా భార్య దేవమ్మ వెండి కడియాలు ఒక జత. పదమూడు నెలల కూలి. నా ఎడమ మడమలో స్పర్శ. ఈనాటికీ అక్కడ ముల్లు గుచ్చుకున్నా తెలియదు. దేవమ్మ కడుపులోని అయిదో నెల బిడ్డ. ఈ చివరిదాన్ని దేనితో కూడాలో తెలియక విడిగా చెబుతున్నాను.

మాది బనగానపల్లె దగ్గర నాపరాతి గనుల పక్క పల్లె. గుంటలోని బండను పైకి మోసి బండికెత్తడం నా పని. పెద్ద బండను ఇద్దరు మోయాలి, కూలి చెరిసగం. కర్నూలు రాజధాని అయిన ఏడు అక్కడి కట్టడాలకు బండలు కావాలని బండ్లు వరుస కట్టాయి. ఒక్కడినే మోస్తే ఇద్దరి కూలీ నాదే కదా అని లెక్క వేసుకున్నాను. కూడిక సరిగానే వచ్చింది. నడుమును మాత్రం అందులో వేయలేదు. వీపు మీద గోనెపట్టా వేసుకుని, వంగి, గుంట మెట్లెక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, పొద్దున్నే నడుము కొయ్యలా బిగుసుకుపోయినా రెండు బండలు మోస్తే అదే సడలుతుందిలే అనుకుంటూ మోశాను, మోశాను, ఒక ఉదయం బండ ఎత్తబోతుంటే నడుములో ఏదో పుటుక్కున తెగినట్టయి అక్కడే కూలబడ్డాను!

మా సీమలో నడుము పట్టితే ఎదురుకాళ్ళతో పుట్టినవాడి చేత తొక్కిస్తారు. మా ఊరి లింగన్న అట్లా పుట్టినవాడు, మంచివాడు, ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోడు. నన్ను బోర్లా పండబెట్టి, "ఏమప్పా, ఇద్దరి కూలి తిన్న నడుము ఇదేనా? ఊపిరి బిగబట్టు!" అని నవ్వుతూ ఎక్కాడు. మూడు మంగళవారాలు తొక్కాలన్నారు. రెండోసారికే నొప్పి పిక్కలోకి నిప్పుతీగలా దిగింది. మూడోసారికి ఎడమకాలు నాది కాకుండా పోయింది. అతని మీద నాకు కోపం లేదు. రమ్మని కబురు పెట్టింది నేనే.

కుక్కిమంచంలో పడ్డాను. పక్కకు తిరగాలన్నా దేవమ్మే తిప్పాలి. మూడు నెలల్లో గేదె, మేకలు, కడియాలు వరుసగా పోయాయి. అప్పుడు ఆమె బండ మోయడానికి గుడ్డ చుట్టకుదురు తల మీద పెట్టుకుని గనికి బయలుదేరింది. నువ్వు వట్టి మనిషివి కావు, వద్దు అని ఏడ్చాను.

"నువ్వు పండుకో. కడుపులో దానికీ, నీకూ, నాకూ గంజి యాడినుంచి వస్తాది? నేను పోతాండా" అంది.

గుంట మెట్ల దగ్గరే బిడ్డ పోయింది. పది రోజులకే దేవమ్మ మళ్ళీ పనికి వెళ్ళింది.

ఆ దినాలలో వాక్యం చెప్పే రాహేలమ్మ మా ఇంటికి వచ్చేది. నాకు చదువు లేదు. ఆమె విడిచి వెళ్ళిన లేఖనాలలో నేను మొదట గుర్తుపట్టింది వచనాల పక్కనుండే అంకెలనే. కప్పు చూస్తూ వాటిని కూడుకునేవాణ్ణి, తీసివేసుకునేవాణ్ణి. రోజూ "ప్రభువా, నన్ను లేపు" అని ప్రార్థించేవాణ్ణి. ఒక సాయంకాలం దేవమ్మ గడపలో కూర్చుని, చుట్టకుదురు తీయడానికి చెయ్యి లేవక, నడుము పట్టుకుని మూలిగింది. సహోదరులారా, అది నా మూలుగు! ఆమె చెయ్యి వేసిన చోటు నా నొప్పి మొదలైన చోటు! అప్పుడు నా నోట వచ్చిన ప్రార్థన ఇది: "తండ్రీ, నన్ను లేపకపోతే మానె. దాని తలమీది బండ దించు. ఈరోజే దించు."

ఆరోజు దించలేదు. ఆ వారంలో దించాడు. గనిలో బండలు లెక్కపెట్టే మనిషి కర్నూలులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. మేస్త్రీ మా గుమ్మంలో నిలబడి, "ఏమప్పా, నీకు అంకెలు వస్తాయంట గదా? పండుకోనైనా లెక్కపెట్టు, ఈడ శానా తప్పులు పోతాండాయి" అన్నాడు. నలుగురు నన్ను మంచంతో సహా గుంట గట్టుకు మోశారు. ఆ దినమే దేవమ్మ బండ దించింది. దేవునికే మహిమ!

తరువాత రాహేలమ్మ నన్ను బండిలో ఆసుపత్రికి తీసుకుపోయింది. ఇంక తొక్కించుకోవద్దని, మంచం వదిలి చదునైన నేల మీద పడుకోమని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. సంఘం ప్రార్థించింది. కొన్ని నెలలకు గోడ పట్టుకుని నిలబడ్డాను, తరువాత నడిచాను, స్తోత్రం! అయితే నా నడుము లేచేసరికి దేవమ్మ నడుము వంగిపోయింది. ఆమె ఇప్పుడు చెంబు కూడా ఎత్తలేకపోతోంది. అందుకే బావి నీళ్ళు నేనే తెస్తాను. డాక్టరమ్మ నాకు సగం బిందెకే సెలవిచ్చింది. "ఏమమ్మా కొత్తకోడలా, మీ అత్త ఇంకా లేయలేదా?" అని బావి దగ్గర ఆడవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

భారం మోస్తున్న సోదరులారా, ఇద్దరు మోయవలసినదాన్ని ఒక్కరే ఎత్తుకోకండి. ఆయనను పిలవండి, రెండో కొస ఆయన పట్టుకుంటాడు. ఆలస్యమైనా పట్టుకుంటాడు, నేను చూశాను. నాకోసం స్తుతించండి, దేవమ్మ కోసం ప్రార్థించండి. నా బదులు ఆమె మోసింది పది నెలలు. నేను మోసేది సగం బిందే గనుక నాకు ఇరవై నెలలు పడుతుంది. ఎనిమిది తీరాయి. ఈనాటికి బాకీ పన్నెండు.