మిరపకాయల మీదుగా దిగిన విమానం

1984. పత్తికి శనగపచ్చ పురుగు పట్టి రైతులు అల్లాడుతున్నారు. మందు కొట్టే విమానానికి గ్రౌండ్ ఇంజనీరుగా నేను అద్దంకి దగ్గర మకాం పెట్టాను. మా స్ట్రిప్, అంటే విమానం లేచి దిగే బాట, చదును చేసిన గట్టినేల. ఒక కొసన పంటకాలువ, ఇంకో కొసన పల్లె. అంత శుభ్రమైన నేల కనిపిస్తే ఆ ప్రాంతంలో ఎవరైనా ఏం చేస్తారు? మిరపకాయలు ఆరబోస్తారు.

మొదట్లో నేను కయ్యిమన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పైలట్ కెప్టెన్ శర్మగారు మాత్రం నవ్వేసి ఒక ఒప్పందం కుదిర్చారు. హాపర్, అంటే మందు తొట్టి, నిండా ఉన్నప్పుడు లేవడానికి మాకు స్ట్రిప్ మొత్తం కావాలి. ఆ పని పొద్దున్నే అయిపోతుంది. చివరి ట్రిప్పు లేచాక పల్లె వైపు కొస కాయలకి. ఖాళీగా తిరిగొచ్చే విమానం కాలువ వైపు నుంచి దిగి, కాయలకు చాలా ముందే ఆగిపోయేది.

ఒకరోజు చివరి ట్రిప్పు లేచాక గాలి తిరిగింది. విండ్‌సాక్, గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం, పల్లె వైపు బిర్రుగా సాగింది. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగాలి. వెనక నుంచి గాలి తోస్తే ఓ పట్టాన ఆగదు, కాయల మీదుగా పల్లెలోకి దూసుకుపోతుంది. అంటే కెప్టెన్ ఇప్పుడు పల్లె వైపు నుంచి కాయల మీదుగా రావాలి. విమానంలో రేడియో లేదు. ఇంకో చోటికి పోదామన్నా అంత పెట్రోలు లేదు.

విమానం వచ్చింది. కింద ఎరుపు చూసి కెప్టెన్ దిగకుండానే మళ్లీ పైకి లేపారు. దీన్ని గో-అరౌండ్ అంటారు. నేను పరిగెత్తాను. ఆ కాయలు మరియమ్మవి. కూలికి పోతూనే కాస్త చేను కౌలుకు తీసుకుని పండించింది. ఆమె వాటిని గబగబా కుప్ప చేస్తోంది. ఒక్క మనిషికి తెమిలే పని కాదు.

"జరుగమ్మా, చస్తావు," అని అరిచాను.

"ఇది పోతే మాకింకేం లేదు బాబుగారూ. నేనెక్కడికి పోను?"

"కాయలకి నాది పూచీ. ముందు నువ్వు జరుగు."

అనేశాను గానీ ఎలా కాపాడాలో నాకే తెలియదు. అప్పుడు తట్టింది, హాపర్ ఖాళీ, గాలి ఎదురు. కాయలు దాటాక దిగినా నేల సరిపోతుంది. ఎక్కడ దిగాలో కెప్టెన్‌కి చెప్పగలిగితే చాలు. చేలో పైలట్‌కి వరస చూపించే తెల్లజెండాలు షెడ్డులో రెండున్నాయి. ఒకటి మరియమ్మ చేతికిచ్చి కాయలు దాటాక కాలువ వైపు, స్ట్రిప్ అంచున నిలబెట్టాను. ఎదుటి అంచున నేను నిలబడ్డాను.

కెప్టెన్‌కి అర్థమైంది. బాగా నెమ్మదిగా వచ్చారు. మరీ నెమ్మదిస్తే రెక్కలకు గాలి పట్టు తప్పి విమానం కూలబడుతుంది. అదే స్టాల్. కాయలు దాటారు, ఇంజను తగ్గించారు, చక్రాలు మా జెండాలకు కాస్త అవతల నేలను తాకాయి. కాలువకు ఇవతలే ఆగింది. కాయలు ఓ నాలుగు గుప్పెళ్లు దొర్లి ఉంటాయేమో.

"ఇది పట్టుకోండి బాబుగారూ," అంటూ మరియమ్మ జెండా నా చేతిలో పెట్టి అక్కడే కూర్చుండిపోయింది. నాకూ కూర్చోవాలనే ఉంది.

కాయలు తీయించెయ్యమంటారనుకున్నాను. కెప్టెన్ దిగి వచ్చి, "డిస్‌ప్లేస్డ్ థ్రెషోల్డ్ అని చదువుకున్నాం కదయ్యా. రేపు సున్నంతో గీత కొట్టించు. చివరి ట్రిప్పు లేచాక గాలి ఎటున్నా ఆ గీత ఇవతలే మన పని," అన్నారు. థ్రెషోల్డ్ అంటే దిగడానికి పనికొచ్చే నేల మొదలయ్యే గీత. చెట్టో స్తంభమో అడ్డుంటే ఆ గీతను లోపలికి జరుపుతారు, అదే డిస్‌ప్లేస్డ్ థ్రెషోల్డ్. మిరపకాయల కోసం జరపమని ఏ పుస్తకంలోనూ లేదు.

సున్నం గీత నేనే దగ్గరుండి గీయించాను. ఆ సీజనంతా పొద్దుటి పని అయ్యాక గీతకు అటు వాళ్లు, ఇటు మేము. నేను కయ్యిమనాల్సిన అవసరం మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఏ కొత్త స్ట్రిప్‌కి వెళ్లినా పొడవు కొలిచే ముందు ఊళ్లోకి వెళ్లి ఒక మాట అడిగేవాణ్ణి: "ఇక్కడ ఎవరు, ఏం ఆరబోస్తారండీ?"